యాంగూన్‌లో బాగా తినాలంటే సూలే పగోడా దగ్గరే దిగండి

మయన్మార్ (బర్మా)లోని యాంగూన్‌లో, అంటే పాత రంగూన్‌లో, బస ఎక్కడ చూసుకోవాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది నగరం నడిబొడ్డున ఉన్న బౌద్ధ ఆలయం సూలే పగోడా చుట్టుపక్కలే. ఇన్యా సరస్సు వైపు హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి, నిజమే. కానీ పొద్దున్నే టిఫిన్ కోసం ఆ ట్రాఫిక్‌లో పడి రావాలంటే టెన్షన్. మేం వెళ్లింది 2021 సైనిక తిరుగుబాటుకి ముందు. ఇప్పుడు వెళ్లాలనుకుంటే ముందు అక్కడి పరిస్థితులు కనుక్కోండి.

మా హోటల్లో గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదస్తులు. బ్రేక్‌ఫాస్ట్ మాత్రం బ్రెడ్డూ ఆమ్లెట్టే. అందుకే రోజూ వీధిలోకే పోయి మొహింగా తిన్నాం. జెల్ల జాతి చేపని ఉడికించి, ముళ్లు తీసేసి, నిమ్మగడ్డి, అల్లం, పసుపుతో మరిగించిన పులుసు అది. అందులో అరటిదూట ముక్కలు కూడా వేస్తారు. చిక్కదనానికి శనగపిండో, వేయించిన బియ్యప్పిండో కలుపుతారు. బియ్యం సేమ్యా మీద ఆ పులుసు పోసి, గుడ్డు, కొత్తిమీర, పప్పుతో వేసిన కరకరలాడే వడ ముక్కలు చల్లి ఇస్తారు. నిమ్మకాయ మనమే పిండుకోవాలి. వడ మెత్తబడకముందే తినాలి, రుచంతా అక్కడే ఉంది.

శనగపిండి వాడకం చూసి నాకు ముచ్చటేసింది. అక్కడి షాన్ జాతివాళ్ల టోఫూలో (టోఫూ అంటే మామూలుగా సోయాపాలతో చేసే పనీర్ లాంటిది) సోయా ఉండదు, పసుపు కలిపిన శనగపిండినే ఉడికించి గడ్డకట్టిస్తారు. సమోసాల్ని ముక్కలు చేసి క్యాబేజీ, ఉల్లిపాయలు, చింతపండు రసంతో కలిపి పెడతారు. టీ కొట్లో ఒకే బల్ల మీద మన పరోటాకి చుట్టమైన పలాటా, చైనా నుంచి వచ్చిన ఈచాక్వే (నూనెలో వేయించిన పొడవాటి పిండి కడ్డీ), డబ్బాపాల టీ కనిపిస్తాయి. మధ్యాహ్నానికి దంబౌక్, అంటే బిర్యానీ. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ మన కోస్తా జిల్లాల కూలీలు ఎంతోమంది పనిచేశారు. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చాక లక్షలమంది తిరిగొచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. మనుషులు వెనక్కి వచ్చినా వంటలు అక్కడే స్థిరపడిపోయాయి. అందుకే యాంగూన్ వెళ్లి ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోవద్దని గట్టిగా చెబుతాను.

19వ వీధిలో రాత్రి కాల్చిన చేపలు, మాంసం బాగానే ఉంటాయి, సందడి ఎక్కువ. డబ్బుకి తగ్గ తిండి మాత్రం మామూలు అన్నం హోటళ్లలోనే. ఒక్క కూర చెబితే చాలు, పులుసు, పచ్చి కూరగాయలు, నంజుకోవడానికి ఘాటైన చేప ముద్ద అవే వస్తాయి. కూర మీద నూనె తేలుతుంది, అది అక్కడి పద్ధతి, కంగారుపడకండి.

శాకాహారులు జాగ్రత్త. ఆకుకూరల్లోనూ ఎండురొయ్యల పొడి పడుతుంది. 'తెత్ తత్ లుత్' (శాకాహారం) అని ముందే చెప్పండి, చాలాచోట్ల అర్థం చేసుకుని విడిగా చేసిపెడతారు. ఊరేసిన టీ ఆకుల లఫెత్ ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే బొజో మార్కెట్‌లో దొరుకుతుంది, సోమవారం మాత్రం మూత.