కోలుకుందని ఏది చూసి నమ్మాలి: కాటానా, ప్రశ్నల పేపరా, కంచమా?

మా అక్క కూతురికి అనొరెక్సియా, అంటే తిండి బాగా తగ్గించేసి చిక్కిపోయే మానసిక జబ్బు, అని తేలి రెండేళ్లవుతోంది. తిరుపతిలో ఇలాంటి ఇల్లు మాదొక్కటే అనుకునేదాన్ని, కాదని ఇప్పుడు తెలుసు. "పిల్ల బాగయిందా?" అన్నదానికి జవాబు దేంట్లో వెతకాలో తెలియక ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాం, అందుకే రాస్తున్నా.

ముందు కాటా. దీన్ని తీసిపారేయడానికి లేదు. బరువు బాగా పడిపోతే గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు చూడాల్సింది బరువు, నాడి, రక్తపరీక్షలే. పెద్దవాళ్లకి బీఎమ్‌ఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చెప్పే అంకె) 18.5 దాటిందా అని చూస్తారు గానీ, ఎదిగే పిల్లలకి ఆ అంకె సరిపోదు, జబ్బుకి ముందు ఎలా పెరుగుతూ వచ్చారో దాంతో పోల్చాలి.

కానీ కాటాని మోసం చేయడం చాలా తేలిక. మా పిల్ల చెకప్ రోజు పొద్దున్నే లీటరున్నర నీళ్లు తాగేసి, బాత్రూంకి కూడా పోకుండా బిగబట్టుకుని, కుర్చీ అంచున కూర్చునేది. బరువొచ్చింది కదా అని అప్పుడు చూపించుకున్న చోట కౌన్సెలింగ్ ఆపేశారు, నాలుగు నెలల్లో కథ మళ్లీ మొదటికొచ్చింది. బులీమియాలో, అంటే ఒక్కసారిగా విపరీతంగా తినేసి తర్వాత వాంతి చేసుకోవడం లాంటివి చేసే జబ్బులో, అయితే బరువు మామూలుగానే ఉండొచ్చు, అక్కడ కాటా ఏం చెబుతుంది?

డాక్టర్లు రాయించే ప్రశ్నల పేపర్లలో ఎక్కువగా వాడేది ఈడీఈ-క్యూ. గడిచిన 28 రోజుల మీద 28 ప్రశ్నలు, పొట్ట ఖాళీగా ఉండాలనిపించిందా, ఎవరికీ తెలియకుండా తిన్నావా, ఇలాంటివి. స్కోరు 0 నుంచి 6 దాకా, ఎక్కువొస్తే జబ్బు ఎక్కువని. కాటాకి అందని మనసు ఇందులో దొరుకుతుంది, కాకపోతే నిజం రాస్తేనే. ఇంకో చిక్కు, లావైపోతానన్న భయం మన దగ్గర కొంతమంది పిల్లలు పైకి చెప్పరు. కడుపు ఉబ్బరం అంటారు, ఆకలి లేదంటారు, శనివారం ఒక్కపొద్దు అంటారు. స్కోరు తక్కువొస్తే మనం సంబరపడిపోతాం. ఒక్కసారి రాయించి వదిలేయకుండా అదే పేపర్ మళ్లీ మళ్లీ రాయించి ఎటు పోతోందో చూస్తే మాత్రం పనికొస్తుంది.

ఇక కంచం. దోశ పెడితే ముందు టిష్యూతో నూనె అద్దేది, ఎర్రగా కాలిన అంచులు ఒలిచి పక్కన పెట్టేది, మిగిలింది గోరంత ముక్కలు చేసి నలభై నిమిషాలు కూర్చునేది. వారానికి మూడుసార్లు అలిపిరి మెట్లెక్కేది, 3,550 మెట్లు, మేం భక్తి అనుకున్నాం! వాన పడి వెళ్లలేకపోతే ఆ పూట అన్నం మానేసినప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. ఇవి కాటా ఎక్కవు, పేపర్ మీదికీ సరిగ్గా రావు.

అలాగని ఇరవై నాలుగ్గంటలూ కంచంలోకి తొంగిచూస్తే ఇల్లు పోలీస్ స్టేషన్ అవుతుంది. "పిన్నీ, నువ్వు చూస్తుంటే ముద్ద దిగట్లేదు" అంది ఒకరోజు. ఇప్పటి డాక్టర్ గారు మూడే రాయమన్నారు: ఈ వారం ఎన్నిసార్లు అందరితో కలిసి తింది, ముందుగా అనుకోనిది ఏమైనా తిందా, నడక కుదరని రోజు తిండి మానేసిందా.

నన్నడిగితే ప్రాణం గట్టెక్కేదాకా కాటాదే మాట, ఆ తర్వాత కంచానిది, పేపర్ ఆ రెండిటికీ తోడు. ఒంటితోపాటు అలవాట్లూ ఆలోచనలూ కుదుటపడితేనే పూర్తిగా కోలుకున్నట్టని ఈ జబ్బు మీద పనిచేసే డాక్టర్లు చాలామంది అంటున్నారు. కాటా ఆపేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

పోయిన వారం పక్కింటివాళ్లు కొండ మీంచి లడ్డు తెచ్చిచ్చారు. చిదిపి నోట్లో వేసుకుంది, "పిన్నీ, యాలక్కాయ పడింది" అని మొహం చిట్లించి, ఇంకో ముక్క తీసుకుంది. అదే వారం కాటాలో అరకిలో తగ్గింది. డాక్టర్ గారికి రెండూ చెప్పాం.