ఒక బ్లూస్ పాట వెంట డీఏహెచ్‌ఆర్ ఎంత దూరం వస్తుంది?

బరంపురం, పర్లాకిమిడి వైపు జానపదాలు సేకరించేవాళ్లకు తెలిసిన సంగతే: పాటకు పేరుండదు, మొదటి పాదమే పేరు. ఇచ్ఛాపురం దాటితే ఆ పాదమూ మారిపోవచ్చు. అమెరికా నల్లజాతివాళ్ల పాటలైన బ్లూస్‌కు రికార్డు మీది లేబుల్‌లో అచ్చయిన పేరుంది కదా, వెతకడం ఎంతసేపు అనుకునేవాళ్లు 'సెయింట్ జేమ్స్ ఇన్ఫర్మరీ' (ఇన్ఫర్మరీ అంటే ఆస్పత్రి) అనే పాట పట్టుకుని డీఏహెచ్‌ఆర్‌లోకి దిగి చూడాలి.

డీఏహెచ్‌ఆర్ అంటే 'డిస్కోగ్రఫీ ఆఫ్ అమెరికన్ హిస్టారికల్ రికార్డింగ్స్'. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే ఉచిత డేటాబేస్. లాగిన్ అక్కర్లేదు. పేజీల నిండా అక్షరాలే కాబట్టి గుణుపురం కొండల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా పని నడుస్తుంది. విక్టర్, కొలంబియా, ఓకే, బ్రన్స్‌విక్ లాంటి కంపెనీల 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డుల) వివరాలు ఇందులో మ్యాట్రిక్స్ నంబరు వరుసన ఉంటాయి.

ఈ మ్యాట్రిక్స్ నంబరే దీని ప్రాణం. కొత్తవాళ్లు కేటలాగ్ నంబరుతో కలిపేసి తికమకపడతారు. కేటలాగ్ నంబరు అమ్మకానికి: రికార్డుకు ఒకటే. మ్యాట్రిక్స్ నంబరు రికార్డింగుకు: రెండు వైపులకూ రెండు. అదే రికార్డింగును కంపెనీ ఇంకో లేబుల్ మీద, ఇంకో బృందం పేరుతో అమ్మినా మ్యాట్రిక్స్ పట్టించేస్తుంది. 1930లో 'టెన్ బ్లాక్ బెరీస్' పేరుతో ఈ పాట రికార్డు చేసింది జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందమే. లేబుల్ నమ్ముకుంటే పట్టికలో ఒక కొత్త బృందం పుట్టుకొస్తుంది.

వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి. 'సెయింట్' కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల పొడి అక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఇన్ఫర్మరీ' ఒక్కటే ఇవ్వండి. తర్వాత 'గ్యాంబ్లర్' అని విడిగా మళ్లీ వెతకండి. రెండోది ఎగ్గొడితే కొంప మునుగుతుంది. జాజ్ గాయకుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడి ప్రసిద్ధం చేసిన రికార్డింగు 1928 డిసెంబరు 12, షికాగో. అంతకుముందే, 1927లో, ఫెస్ విలియమ్స్ దీన్ని 'గ్యాంబ్లర్స్ బ్లూస్' పేరుతో రికార్డు చేశాడు. అదే ఏడాది కవి కార్ల్ శాండ్‌బర్గ్ పాటల సంకలనంలో అచ్చులోకీ వచ్చింది.

రచయిత గడిలో 'జో ప్రిమ్‌రోజ్' కనిపిస్తే అదీ మారుపేరే. మనిషి అర్వింగ్ మిల్స్, ఎల్లింగ్టన్ మేనేజరు. మిల్స్ తరఫు ప్రచురణకర్తలు పోటీ ప్రచురణకర్త మీద వేసిన దావా 1932లో న్యూయార్క్ పైకోర్టు దాకా వెళ్లింది. పాట ఎవరిదన్నది పక్కనపెట్టి, ఆ పేరు వాడుకునే హక్కు మీదే పోరంతా! పేరుకే అంత విలువ పలికింది కాబట్టి, రచయిత గడిలో ఉన్నదాన్ని లేబుల్ ఏం చెప్పిందో తెలియడానికే వాడాలి.

ఇక డీఏహెచ్‌ఆర్ చేతులెత్తేసే చోటు. దానికి పాట పేరు తెలుసు, పాట మాటలు తెలియవు. వరసలు మారిన చుట్టరికం మాటల్లోనే దొరుకుతుంది. అందుకు సొంత షీటు తప్పదు. పేరు, తేదీ, మ్యాట్రిక్స్ గడుల పక్కన ఇంకో అయిదు పెట్టుకోండి: కథ బార్‌లో మొదలవుతుందా, ఆస్పత్రిలో ప్రియురాలి శవం ఉందా, 'పోనీ, ఆమెను పోనీ' చరణం ఉందా, పాడేవాడు తన అంత్యక్రియల గురించి కోరిక చెబుతాడా, గడియారం గొలుసుకు ఇరవై డాలర్ల బంగారు నాణెం ఉందా. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. వ్యాఖ్యలు తెలుగులో రాసుకోవచ్చు, ఒడియా మీడియంలో చదివిన మనవాళ్లు ఒడియాలో రాసినా షీటుకేం నష్టం లేదు.

ఈ గడులు నింపితే ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర మొదటిది ఖాళీ, మిగతా నాలుగూ నిండుతాయి. ఆమె శవాన్ని చూసినవాడు ఉన్నట్టుండి తనకు ఏ బూట్లు, ఏ కోటు తొడగాలో చెప్పడం వింటే మతిపోతుంది. కంట్రీ గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ 1930 రికార్డింగులో కథ బార్‌లోనే మొదలవుతుంది. అక్కడ కూర్చుని ఒకడు గోడు చెప్పుకుంటున్నాడని తెలిశాక అదంతా తాగినవాడి మాటల్లా అతుకుతుంది. పది అంగుళాల 78లో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. చరణాలు ఎందుకు రాలిపోతాయో ఆలోచించేటప్పుడు ముందు ఈ లెక్క చూడండి.

కంపెనీల సరుకు కానిదాన్ని డీఏహెచ్‌ఆర్‌లో వెతకడం వృథా. బ్లూస్ గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ పాడిన 'డయింగ్ క్రాప్‌షూటర్స్ బ్లూస్'ను 1940లో జానపద సేకర్త జాన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేశాడు. పోలీసు తూటాకు పడిపోయిన జూదరి తన శవయాత్ర ఎలా జరగాలో చెప్పే పాట అది. పై షీటులో దానికి గడి ఉంది, డీఏహెచ్‌ఆర్‌లో వెతికే దారి లేదు. ఎల్పీ (ఎక్కువసేపు మోగే రికార్డు) కాలం తర్వాతి కవర్లకు, అంటే వేరేవాళ్లు మళ్లీ పాడినవాటికి, సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్ అనే వెబ్‌సైటు మేలు, కాకపోతే అదీ పాట పేరు చుట్టూ అల్లిందే.

పాత బల్లాడ్‌ల (కథాగేయాల) చుట్టరికానికి ఫోక్‌వేస్ కంపెనీ 1960 నాటి ఎల్పీ 'ది అన్‌ఫార్చునేట్ రేక్' కొనదగ్గది. ఒకే వంశంలోవని సంపాదకుడు ఎంచిన 20 పాటలు ఒక్కచోట ఉన్నాయి. వాటి వ్యాఖ్యల పుస్తకం స్మిత్సోనియన్ సైటులో ఉచిత పీడీఎఫ్. ముందు అది దించుకుని చదవండి, ఆల్బమ్ సంగతి తర్వాత. సెయింట్ జేమ్స్ అంటే లండన్ ఆస్పత్రేనని గట్టిగా చెప్పేవాళ్ల మాట మాత్రం షీటులో ఎక్కించేముందు ఏ పాఠంలో, ఏ ఏట ఆ పేరు మొదట కనిపించిందో అడగండి.

తేదీ, స్టూడియో, టేకుల వివరాలకు డీఏహెచ్‌ఆర్‌కు అయిదుకు అయిదు, పాట వంశవృక్షానికి రెండు. వినడానికని మాత్రం వెళ్లకండి. 1923-46 మధ్య విడుదలైన రికార్డులకు అమెరికాలో విడుదలైన నాటి నుంచి 100 ఏళ్ల హక్కుల రక్షణ ఉంది. చాలా పేజీల్లో ఆడియో ఉండదు, చదువుకుని వేరేచోట వినాల్సిందే.