సాఫ్ట్ ఫోకస్ ఫిల్టర్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆరేళ్లుగా నా 85 ఎంఎం లెన్స్‌కు 1/4 సాంద్రత గల డిఫ్యూజన్ ఫిల్టర్‌ను, అంటే ఫొటోకు సాఫ్ట్ ఫోకస్ మృదుత్వాన్నిచ్చే అద్దాన్ని, బిగించి వాడుతున్నాను. సాంద్రత అంటే ఆ ప్రభావపు తీవ్రత. కొన్న కొత్తలో దానితో తీసిన ఫొటోలలో చాలావాటిని చెరిపివేయవలసి వచ్చింది. అది ఫిల్టర్ లోపం కాదు. ఫోకస్ తప్పిన ఫొటోకూ సాఫ్ట్ ఫోకస్ ఫొటోకూ ఉన్న తేడా నాకు అప్పటికి తెలియదు. ఫోకస్ తప్పితే ఏ గీతా తేటగా ఉండదు. సాఫ్ట్ ఫోకస్‌లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తూనే వాటిపై పలుచని వెలుగు పొర పరచుకుంటుంది. అందుచేత ఫిల్టర్ ఉన్నప్పుడు ఫోకస్ విషయంలో మామూలుకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. కంటిపై ఫోకస్ నిలిపి, తెరపై దృశ్యాన్ని పెద్దది చేసి చూసుకున్న తరువాతే నేను షట్టర్ నొక్కుతాను.

ఈ ఫిల్టర్ ప్రకాశవంతమైన చోటి కాంతిలో కొంత భాగాన్ని పక్కనున్న నీడల్లోకి చెదరగొడుతుంది. దానివల్ల నలుపు కొంత బూడిదరంగుకు దిగి, కాంట్రాస్ట్ (వెలుగునీడల మధ్య తేడా) తగ్గుతుంది. చర్మం నునుపుగా కనిపించడం అందరికీ తెలిసిన లాభమే కాని, ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఉండాలనే కూర్పుపై దీని ప్రభావం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఒకసారి కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మమ్మను ఫొటో తీశాను. ముఖం చక్కగానే వచ్చింది. కాని వెనుక బల్లపై ఉన్న గాజుసీసా అంచు మెరుపు వ్యాపించి, ఆమె చెవికన్నా పెద్ద తెల్లమచ్చగా మారింది. ఫిల్టర్ తీసి అక్కడినుంచే మళ్లీ తీస్తే అది చిన్న చుక్క మాత్రమే. ఫిల్టర్ తిరిగి బిగించి రెండడుగులు ఎడమకు జరిగేసరికి సీసా ఆమె భుజం చాటుకు పోయి, వెలుగు నెరిసిన జుట్టు అంచున మాత్రమే మిగిలింది. మా గోడమీద ఉన్నది ఆ ఫొటోయే.

అప్పటినుంచి మనిషిని చూడకముందే ఫ్రేమ్‌లో మెరిసేవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తాను. 1863 చివర, 48 ఏళ్ల వయసులో కెమెరా అందుకున్న బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ తీసిన ముఖచిత్రాలలో మసకతనాన్ని నాటి విమర్శకులు తప్పుపట్టారు. అయినా ముఖాన్ని ఫ్రేమ్ నిండా నింపి వెనుక చీకటిని ఉంచిన ఆమె పద్ధతి, నా ఉద్దేశంలో, సాఫ్ట్ ఫోకస్‌కు అన్నివిధాలా తగినది. తెల్లని ఆకాశం ముందు సన్నని కొమ్మలను తీస్తే వెలుగు కొమ్మలను తినేస్తుంది. ఇటుక గోడలకు, కట్టడాలకు ఈ ఫిల్టర్ వద్దు. వెడల్పైన దృశ్యాన్ని పట్టే 24 ఎంఎం లెన్స్‌పై దీని ప్రభావం నాకు అంతగా కనిపించలేదు.

కొంతకాలం 135 ఎంఎం సాఫ్ట్ ఫోకస్ లెన్స్‌ను ఎరవు తెచ్చుకుని కూడా వాడాను. అందులో మృదుత్వం గోళీయ దోషం (లెన్స్ అంచుల గుండా, మధ్య గుండా వచ్చే కిరణాలు ఒకేచోట కలవకపోవడం) వల్ల వస్తుంది కనుక అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) బాగా తెరిచిన ఎఫ్/2.8 వద్ద బాగా కనిపించి, మూసేకొద్దీ మాయమవుతుంది. ఫిల్టర్‌తో అపర్చర్ మార్చినా అంత తేడా రాలేదు. లెన్స్ ఇచ్చే రూపమే నాకు ఎక్కువ నచ్చింది. కాని ప్రతిసారీ అపర్చర్‌ను దానికి లోబడి ఎంచుకోవడం విసుగు పుట్టించింది.

ఫిల్టర్‌తో నాకున్న ఇబ్బంది ఒక్కటే: ఒకసారి పరచుకున్న వెలుగును తరువాత కంప్యూటర్‌లో పూర్తిగా వెనక్కు తీసుకోలేము. అందుకని ముఖ్యమైన ఫొటోలను ఫిల్టర్ లేకుండా కూడా ఒకటి తీసి ఉంచుకుంటాను. మధ్యలో 1/2 సాంద్రతది కూడా కొన్నాను గాని, ప్రతి ముఖమూ ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టు ఉండటంతో రెండు నెలలకే పక్కన పెట్టేశాను.