క్యాన్సర్ డాట్ గవ్‌లోని పీడీక్యూ పత్రాలు: ఎలా చదవాలి, ఎక్కడ ఆగాలి

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ తన సైట్ క్యాన్సర్ డాట్ గవ్‌లో పీడీక్యూ పేరుతో పెట్టే సమాచార పత్రాలను చాలామంది ఆ పేరు తెలియకుండానే చదివి ఉంటారు. ఇవి ఉచితం. మధ్యలో ప్రకటనలు రావు, మీ పేరు అడగరు, చివర్లో ఏ మందూ అంటగట్టరు. క్యాన్సర్‌తో బతుకుతున్నవాళ్లకు, వాళ్ల పక్కన ఉండేవాళ్లకు నమ్మదగ్గ సమాచారం ఎక్కడ దొరుకుతుందని అడిగితే మేం ముందు చూపించేది వీటినే. కాకపోతే వీటిని చదవడానికి ఒక పద్ధతి ఉంది. అది తప్పితే మంచి సమాచారమే అనవసరంగా భయపెడుతుంది, ఒక్కోసారి లేని ధైర్యం కూడా ఇస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

సంస్థ 1937లో ఏర్పడింది. పత్రాల బాధ్యత మాత్రం ఆరు సంపాదక మండళ్లది. పెద్దల చికిత్స, పిల్లల చికిత్స, బాధలు తగ్గించే సహాయక చికిత్స, ముందస్తు పరీక్షలు-నివారణ, జన్యు సంబంధమైనవి, ప్రత్యామ్నాయ చికిత్సలు... ఒక్కోదానికి ఒక్కో మండలి. కొత్తగా అచ్చైన పరిశోధనలను నెలనెలా చూసి, ఏది చేర్చాలో ఏది మార్చాలో వీళ్లే తేలుస్తారు. తమ మాట సంస్థ విధానం కాదని పత్రం చివర్లోనే రాసి ఉంటుంది. చికిత్స నిర్ణయాలకు ఇది అధికారిక మార్గదర్శకం కాదని కూడా అక్కడే ఉంటుంది. ఈ రెండో మాటను చూడకుండా దాటేసేవాళ్లే ఎక్కువ.

బయాప్సీ రిపోర్టు పక్కన పెట్టుకోకుండా ఈ సైట్ తెరవకండి. అందులోంచి ముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోవాలి: గడ్డ మొదట ఏ అవయవంలో పుట్టింది, ఏ రకం కణాలు, స్టేజి (ఎంతవరకు పాకింది) ఎంత, గ్రేడు (కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయి) లేదా రిసెప్టార్ పరీక్షల (గడ్డ ఏ హార్మోన్‌కు, ఏ మందుకు స్పందించే రకమో చూసేవి) ఫలితం ఏమిటి. స్టేజి బయాప్సీలో లేకపోతే స్కాన్లు అయ్యాక డాక్టరు రాసిన కాగితంలో ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే ఒకటే పత్రం కాదు. స్మాల్ సెల్‌కు ఒకటి, నాన్ స్మాల్ సెల్‌కు ఇంకొకటి. వ్యాధి నడకా వేరు, చికిత్సా వేరు. లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ లింఫోమాలో హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్ సంగతీ అంతే. రొమ్ము క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందంటే చదవాల్సింది రొమ్ము క్యాన్సర్ పత్రమే, ఎముక క్యాన్సర్ పత్రం కాదు. ఇంట్లోవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తప్పు పత్రం చదివి రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే డాక్టరు చెప్పాక గాని అసలు సంగతి తెలియదు.

చాలా అంశాలకు రెండు రూపాలుంటాయి: పేషెంట్ల కోసం ఒకటి, వైద్యుల కోసం ఒకటి. పేషెంట్ల పత్రాల్లో చాలావాటికి భాగాల మొదట్లో ముఖ్యాంశాలు చిన్న ముక్కల్లో ఉంటాయి. అలసటగా ఉన్న రోజు అవి చదివితే చాలు. ముందు దీన్ని పూర్తిగా చదివి, అర్థం కాని ఒకటి రెండు చోట్లకే వైద్యుల పత్రానికి వెళ్లాలి. అక్కడ చికిత్స ఫలితాల పక్కన ఆధార స్థాయి అని చిన్న గుర్తు కనిపిస్తుంది. అందులో ఒక భాగం ఎలాంటి అధ్యయనమో చెబుతుంది, రెండో భాగం ఆ అధ్యయనంలో దేన్ని కొలిచారో చెబుతుంది. ఈ రెండో భాగాన్ని వదలొద్దు. మందుకు గడ్డ కుదించుకుపోవడం వేరు, ఆ మందు వాడినవాళ్లు ఎక్కువకాలం బతకడం వేరు. మొదటిది చూపించిన మందులన్నీ రెండోది చూపించవు. ఏదైనా మందును గొప్ప విజయమని వార్తల్లో చదివితే, ఆ వార్తలో లేని ఈ తేడా ఇక్కడ దొరుకుతుంది.

పత్రం మీద ఎప్పుడు సవరించారో తేదీ ఉంటుంది. ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ, జన్యు లోపాన్ని బట్టి ఇచ్చే మాత్రలు వచ్చాక కొన్ని క్యాన్సర్ల చికిత్స త్వరత్వరగా మారుతోంది కాబట్టి తేదీ పాతబడితే ఆ భాగాన్ని డాక్టరుతో సరిచూసుకోవాలి. ఐదేళ్లు బతికినవాళ్ల శాతం లాంటి అంకెల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఐదేళ్లు గడిస్తేనే ఆ లెక్క వస్తుంది, అంటే అది అప్పటి మందులతో అప్పటివాళ్లకు జరిగినది. పైగా అది గుంపు లెక్క. మీ వయసు, మీ గుండె, మీ గడ్డ జన్యువు అందులో లేవు. ఆ అంకె ఇప్పుడే చూడనక్కర్లేదు అనుకుంటే ఆ భాగాన్ని దాటేయండి. చూడకపోవడం పిరికితనం కాదు.

ఇక తెలుగువాళ్లకు అసలు చిక్కు భాష. ఈ పత్రాలు ఇంగ్లిష్, స్పానిష్ భాషల్లో ఉన్నాయి, తెలుగులో లేవు. దాంతో ఫోన్‌లో యంత్రం చేసిన అనువాదం చదువుతారు. మామూలు సంగతులకు అది పర్వాలేదు గాని, సరిగ్గా ముఖ్యమైన చోట్లే బోల్తా కొట్టిస్తుంది. ప్రోగ్రెషన్ అన్న మాట పురోగతి అయి కూర్చుంటుంది. వ్యాధిలో పురోగతి కనిపించింది అని చదివితే తెలుగు తెలిసిన ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది. కానీ దాని అర్థం జబ్బు ముదిరిందని. అలాగే నోడ్స్ పాజిటివ్ అన్నది సానుకూలం అవుతుంది, నిజానికి లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు దొరికాయని అర్థం. మార్జిన్స్ నెగెటివ్ అంటే కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు, శుభవార్త. తెలుగులో ప్రతికూల అంచులు అని చూసి గుండె జారిపోతుంది. రెమిషన్‌నూ ఉపశమనం అంటుంది, పాలియేటివ్‌నూ ఉపశమనమే అంటుంది. మొదటిది జబ్బు లక్షణాలు తగ్గడం లేదా పోవడం. రెండోది నొప్పి, ఆయాసం, వాంతులు లాంటి బాధలు తగ్గించే వైద్యం. దాన్ని ఏ స్టేజిలోనైనా అసలు చికిత్సతో పాటే ఇవ్వొచ్చు. ఈ మాటలు తగిలినప్పుడు తెలుగును పక్కన పెట్టి ఇంగ్లిష్ మాటనే కాగితం మీద రాసుకుని డాక్టరును అడగండి. తెలుగులో లేదన్న ఈ లోపం వల్లే మేం దీనికి పూర్తి మార్కులు వేయలేకపోతున్నాం.

అయినా ఇంతగా మెచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. క్యాన్సర్ సంరక్షణలో ఆధ్యాత్మికత మీద పీడీక్యూలో ప్రత్యేకంగా ఒక పత్రం ఉంది. వైద్యం రాసేవాళ్లు విశ్వాసం జోలికి రారు, విశ్వాసం గురించి మాట్లాడేవాళ్లు వైద్యాన్ని తీసిపారేస్తుంటారు. ఈ పత్రం రెండింటినీ ఒకే మనిషిలో ఉన్న విషయాలుగా చూస్తుంది. మతం, ఆధ్యాత్మికత ఒకటి కాదని మొదటే విడదీస్తుంది కాబట్టి ఏ మతమూ లేనివాళ్లకూ ఇందులో చోటుంది. నమ్మకం ఆందోళన, దిగులు, ఒంటరితనం తగ్గడానికి తోడ్పడవచ్చని చెబుతుంది. అదే ఊపులో నమ్మకంతో గడ్డ కరుగుతుందని మాత్రం ఎక్కడా అనదు. ఆరోగ్యంతో దానికున్న సంబంధం ఎలా పనిచేస్తుందో కచ్చితంగా తెలియదని ఒప్పుకుంటుంది.

ఈ పత్రంలో అందరూ చదవాల్సిన భాగం, నమ్మకమే బాధగా మారే సందర్భం గురించినది. ఇది నా పాపాలకు శిక్ష, దేవుడు నన్ను వదిలేశాడు అన్న ఆలోచనలు పట్టుకుంటే మనిషి కుంగిపోతాడు, ఆ కుంగుబాటు చికిత్సను తట్టుకునే ఓపికనూ తినేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు ప్రేమతోనే అనే మాటలు దీన్ని పెంచుతాయి. గట్టిగా నమ్మితే తగ్గిపోతుంది అంటే, తగ్గనప్పుడు తప్పు పేషెంట్‌దవుతుంది. మనిషి మనోవైఖరికీ, క్యాన్సర్ రావడానికీ, దానివల్ల చనిపోవడానికీ సంబంధం ఉందనడానికి నమ్మదగ్గ శాస్త్రీయ ఆధారం లేదని ఇదే సైట్‌లో అపోహల పేజీ తేల్చి చెబుతుంది. దిగులుగా ఉన్న రోజున దిగులుగా ఉండే హక్కు పేషెంట్‌కు ఉంది.

డాక్టర్లు ఈ సంగతులు తమంతట తాముగా అడగడం తక్కువ. అడగడానికి ఫైకా అనే చిన్న ప్రశ్నావళి ఉంది. మీ విశ్వాసం ఏమిటి, దానికి మీ జీవితంలో ఎంత చోటుంది, మీకు తోడుగా ఉండే సమూహం ఉందా, వైద్యంలో దీన్ని మేం ఎలా పట్టించుకోవాలి అన్న నాలుగు ప్రశ్నలే. ఎవరూ అడగకపోతే జవాబులు మీరే చెప్పేయండి. ముఖ్యంగా ఉపవాసం సంగతి దాచొద్దు. ఉదాహరణకు క్యాన్సర్‌కు వాడే కేపెసిటబైన్ మాత్రలు భోజనమైన అరగంటలోపు వేసుకోవాలి, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అబిరాటెరోన్‌లో మామూలుగా వాడే రకం ఖాళీ కడుపుతో వేసుకోవాలి. భోజన వేళ మారితే మందు లెక్కా మారుతుంది. జనం కిక్కిరిసే ప్రార్థనలకు, యాత్రలకు వెళ్లాలనుకుంటే తేదీని కీమో తేదీతో కలిపి చూడాలి. చాలా కీమో మందులకు తెల్లకణాలు డోసు తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి. ఆ రోజులు దాటాక రక్తపరీక్ష చూసి వెళ్లమని చెప్పే డాక్టరు మీ భక్తికి అడ్డుపడుతున్నట్టు కాదు.

ప్రత్యామ్నాయ చికిత్సల పత్రాలూ నిక్కచ్చిగా ఉంటాయి. క్యాన్సర్‌కు మందని ప్రచారమయ్యే లేట్రిల్‌ను విటమిన్ బి17 అని అమ్ముతుంటారు. అది విటమిన్ కాదు, ఒంట్లో సైనైడ్‌ను విడుదల చేస్తుంది. ఈ సంగతి లేట్రిల్ పత్రంలో దాపరికం లేకుండా ఉంది. అయితే మూలికల సంఖ్య చాలా ఎక్కువ, ఇక్కడ పత్రాలున్నవి కొన్నిటికే. మిగతావాటికి మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రి ఉచితంగా నడిపే అబౌట్ హెర్బ్స్ చూడాలి. మూలిక పేరు కొడితే ఏ మందుతో పడదో అందులో విడిగా ఉంటుంది. సహజమైనదే కదా అని ధీమా పడకూడదు: దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్, ఇరినోటెకాన్ అనే కీమో మందు అసలు పనిచేసే రూపాన్ని రక్తంలో 42 శాతం తగ్గించినట్టు 2002లో అచ్చైన అధ్యయనంలో తేలింది. అంటే సైడ్ ఎఫెక్టులు తగ్గాయని సంతోషించేలోపు మందు పనితనమూ తగ్గిపోవచ్చు.

తోడు విషయానికొస్తే, కాగితం తోడు కాలేదు. ఈ సేవకున్న మరో బలహీనత ఇది. సపోర్ట్ గ్రూపులను ఎలా ఎంచుకోవాలో చెబుతుంది గాని ఆ గ్రూపు తాను కాలేదు. గ్రూపు నుంచి ఏం ఆశించాలో కూడా ముందే తెలుసుకోవాలి. సపోర్ట్ గ్రూపులో చేరితే ఆయుష్షు పెరుగుతుందని 1989లో వచ్చిన ఒక అధ్యయనం ఆశ పెట్టింది. 2001లో అచ్చైన పెద్ద అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదు. కానీ మనసు తేలికపడింది, నొప్పి తక్కువగా అనిపించింది, బాగా కుంగిపోయి వచ్చినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. చేరడానికి అది చాలు. చేరేముందు అడగాల్సినవి: నడిపేది శిక్షణ ఉన్న మనిషా, మీ రకం క్యాన్సర్, మీ స్టేజి వాళ్లు ఉన్నారా, ఇంట్లోవాళ్లను రానిస్తారా, అక్కడి మాటలు బయటికి పొక్కకుండా ఏం చేస్తారు. ఎవరైనా పొడులు, కషాయాలు అమ్మినా, మందు మానేయమన్నా, ఏడవొద్దని కసిరినా అక్కడినుంచి లేచి వచ్చేయండి. మనసు ఎంత బరువెక్కిందో తెలియకపోతే సున్నా నుంచి పది వరకు గీత గీసి, గత వారం మొత్తానికి ఎక్కడున్నారో గుర్తు పెట్టండి. డిస్ట్రెస్ థర్మామీటర్ అనేది ఇదే. నాలుగు గాని, ఆపైన గాని వస్తే డాక్టరుకు చెప్పి కౌన్సెలర్ దగ్గరికి పంపమని అడగాలి.

అర్జంటు వేళ మాత్రం ఏ పత్రమూ తెరవొద్దు. కీమో నడుస్తుండగా జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 తాకితే అర్ధరాత్రైనా ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ముందు పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకూడదు. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు, కీమో మందు పేరు, చివరి డోసు తేదీ ఒక కాగితం మీద రాసి థర్మామీటర్ డబ్బాలోనే పెట్టండి.