డెర్రీ కుర్రాళ్లా, బెల్‌ఫాస్ట్ కుర్రాళ్లా?

ఉత్తర ఐర్లండ్‌లో బాంబులు, సైనిక తనిఖీలు దినచర్యగా మారిన 1970లలో బడి స్నేహితులు కట్టిన పంక్ (వేగంగా, మోటుగా సాగే రాక్ సంగీతం) బృందాలు రెండూ: డెర్రీలో ది అండర్‌టోన్స్, బెల్‌ఫాస్ట్‌లో స్టిఫ్ లిటిల్ ఫింగర్స్. కొత్తగా వినేవారు ఎవరితో మొదలుపెట్టాలి?

బెల్‌ఫాస్ట్ బృందం మొదట హైవే స్టార్ పేరుతో ఇతరుల రాక్ పాటలు వాయించేది. 1977లో పంక్ వైపు మళ్లి పేరు మార్చుకుంది. చుట్టూ జరుగుతున్నదే రాయమని పాత్రికేయుడు గోర్డన్ ఓగిల్వీ ప్రోత్సహించాడు, రచనలో చేయీ కలిపాడు. ఫలితం 1979 నాటి ‘ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్’. రఫ్ ట్రేడ్ అనే చిన్న స్వతంత్ర సంస్థ విడుదల చేసిన ఆ ఆల్బమ్ బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల జాబితాలో 14వ స్థానానికి ఎగబాకింది. బృంద గాయకుడు జేక్ బర్న్స్ గొంతు చీరుకుపోయేలా పాడతాడు. చెవికి ఇంపు కోరుకునేవారు కాస్త ఓర్చుకోవాలి.

డెర్రీవాళ్ల దారి వేరు. తుపాకుల ఊళ్లో కూర్చుని అమ్మాయిల గురించి, చాక్లెట్ల గురించి, అన్నీ వచ్చిన దాయాది గురించి పాడారు. దీన్ని పలాయనం అన్నవారున్నారు. నాకు మాత్రం అదే ఎక్కువ తెగువగా తోస్తుంది. 1978లో వచ్చిన వాళ్ల పాట ‘టీనేజ్ కిక్స్’ను బీబీసీ రేడియోలో వ్యాఖ్యాత జాన్ పీల్ వెంటవెంటనే రెండుసార్లు వినిపించాడు.

ఒక్క పాటకు సమయముంటే అండర్‌టోన్స్. ఆల్బమ్ మొత్తం వినే ఓపిక ఉంటే స్టిఫ్ లిటిల్ ఫింగర్స్. రెండూ 1983లో విడిపోయాయి. బర్న్స్ బృందం 1987లో మళ్లీ కలిసింది. అండర్‌టోన్స్ 1999లో తిరిగొచ్చింది, అదీ గాయకుడు ఫియర్గల్ షార్కీ లేకుండానే.