లంకమల కంపచెట్లలో ఆడియోమాత్ పనికొస్తుందా?

1986లో కలివికోడి అనే అరుదైన పిట్ట మళ్లీ కనిపించిన కడప లంకమల అడవుల్లాంటి చోట, పొద్దుగుంకాక కూతలు పట్టడానికి ఆడియోమాత్ అనే ఈ అరచేతి రికార్డరు బాగానే సరిపోతుంది. మూడు ఏఏ సెల్లులు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, అంతే. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు 48 వేల సార్లు శబ్దాన్ని కొలిచే వేగం) గంటకు దాదాపు 345 ఎంబీ తింటుంది. మామూలు పిట్టలకు 32 కిలోహెర్ట్జ్ చాలు, గంటకు 230 ఎంబీతో పోతుంది.

చిక్కల్లా గడియారమే. సెల్లులు తీస్తే టైము పోతుంది, మార్చిన ప్రతిసారీ మళ్లీ పెట్టాలి. మైకు చిన్నది కాబట్టి దూరపు కూత వెనక 'సుయ్‌'మనే రొద ఉంటుంది. గెయిన్ (మైకు పట్టిన శబ్దాన్ని పెంచే సెట్టింగు) పెంచితే అదీ పెరుగుతుంది. గాలికి స్పాంజి కప్పండి, కానీ వానకు తడిస్తే అదే సన్నని కూతల్ని మింగేస్తుంది. కొమ్మకు వేలాడదీయొద్దు, ఊగి గీరుకుంటుంది, కాండానికి బిగించండి. అభయారణ్యంలోకైతే ముందు అటవీశాఖ అనుమతి.