కర్నూలు నుంచి గండికోట మీదుగా కడప: కారును బట్టి మజిలీలు

కర్నూలులో బయల్దేరి ఓర్వకల్లు, యాగంటి, బెలుం గుహలు, గండికోట చూసుకుని కడప చేరితే మొత్తం మూడు వందల కిలోమీటర్ల లోపే. రెండు రోజుల పని. ఈ దూరం ఏ కారుకూ లెక్కలోది కాదు. ఇబ్బందంతా ఎండతో, నాపరాయి దుమ్ముతో. అందుకే ఎక్కడ చూడాలి అన్నదానితో పాటు ఎక్కడ ఏ పూట ఉండాలి, ఏ పని ఎక్కడ చేయించుకోవాలి అన్నది ముందే అనుకోవాలి. రిపేరు పనులేవైనా ఉంటే కర్నూలులోనో, ఆ తర్వాత ప్రొద్దుటూరు, కడపల్లోనో తెముల్చుకోవాలి. మధ్యలో పంక్చరు వేసేవాళ్లు దొరుకుతారు గానీ మీ కారు పార్టు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

కర్నూలులో తెల్లవారుజామున, బండి తీయకముందే టైర్ల గాలి చూడాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 35 పీఎస్‌ఐ మధ్య. నిండా మనుషులు, సామాను ఉంటే దాని కోసం వేరే అంకె ఇస్తారు, అది పట్టించాలి. ఎండలో గంట నడిచాక గాలి 4, 5 పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది. అది చూసి బంకు దగ్గర గాలి తీయించేవాళ్లు చాలామంది. అదే తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి, అక్కడే వేడి పుట్టి, హైవే మీద పగులుతుంది. వేసవిలో పగిలిన టైర్లలో చాలావాటికి మూలం ఎక్కువ గాలి కాదు, తక్కువ గాలి. బంకుల్లో మీటర్లు ఒకదానికొకటి పొసగవు కాబట్టి సొంత గేజీ ఒకటి డాష్‌బోర్డులో ఉంచుకోవడం మేలు. నైట్రోజన్ కోసం వెతుక్కోనక్కర్లేదు, మామూలు గాలి సరిగ్గా ఉంటే చాలు. స్టెప్నీకి మాత్రం రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువే పట్టించండి, అవసరమైన రోజుకు అదెలాగూ తగ్గి ఉంటుంది.

టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. టైరు మీది గుండీలు (నేలను పట్టే గాట్ల దిమ్మలు) ఎంత బాగున్నా ఐదారేళ్లు దాటిన టైరుతో మే నెలలో ఈ దారి పట్టొద్దు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టప్రకారం కూడా అది పనికిరాని టైరే.

తర్వాత కూలెంట్. ప్లాస్టిక్ డబ్బా మీద మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. తగ్గితే ఆ కారుకు చెప్పిన కూలెంటే, సగం సగం కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో. సీమ బోరు నీళ్ల సంగతి ఇంట్లో కుక్కరు అడుగు చూస్తే తెలిసిపోతుంది. ఆ తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. దారిలో గతిలేక మామూలు నీళ్లు పోస్తే, ఊరు చేరాక మొత్తం దించి మళ్లీ నింపించాలి.

హైదరాబాద్ వైపు నుంచి పొద్దుపోయి వచ్చేవాళ్లకు కర్నూలు ఊళ్లో లాడ్జికన్నా ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గరి టూరిజం వాళ్ల హరిత హోటలు నయం. ఊరికి ఇరవై కిలోమీటర్లు, నంద్యాల హైవే పక్కనే. రాళ్ల మధ్య నడక పొద్దున్నే ముగించుకుంటే ఊరి ట్రాఫిక్ తప్పుతుంది, ఎండా తప్పుతుంది.

పాణ్యం దగ్గర హైవే వదిలి బనగానపల్లె, అక్కణ్ణుంచి పద్నాలుగు కిలోమీటర్లు యాగంటి. అగస్త్యుడి శాపంతో అక్కడ కాకులుండవంటారు. కోతులకు ఆ శాపం లేదు. అద్దాలు పూర్తిగా ఎత్తి, తినేవి కంటికి కనబడకుండా పెట్టి వెళ్లండి. వచ్చాక వైపర్ రబ్బర్లు ఉన్నాయో లేదో ఓసారి చూసుకోండి.

అసలు కథ బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు మొదలవుతుంది. నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు. ముందు పోయే టిప్పరు వెనక లేచే దుమ్ము తెల్లగా, పిండిలాగా ఉంటుంది. ఈ దారిలో ఏసీని లోపలి గాలే తిరిగే బటన్ మీద పెట్టాలి. అద్దం మీద పడిన పొడిని పొడి వైపర్‌తో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లు చిమ్మి, రెండు క్షణాలాగి, అప్పుడు వైపర్. లారీని దాటేటప్పుడు దుమ్ము తెరలోకి గుడ్డిగా దూరొద్దు, అవతల వచ్చేది ఇంకో లారీయే. వెనక దూరం పెంచుకుని, ముందు దారి కనిపించినప్పుడే దాటాలి.

ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌ను మామూలుగా పది వేల కిలోమీటర్ల సర్వీసులో చూస్తారు. ఈ చుట్టుపక్కల తరచూ తిరిగే కారుకు ఐదు వేలకే తీసి చూడాలి. క్లిప్పులు ఊడదీసి కాగితం మడతలు పైకి తీయండి. ఒక వైపు తెల్లగా, ఇంకో వైపు బూడిద రంగులో ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకే, నాజిల్‌ను జానెడు దూరంలో పెట్టి కొట్టాలి. తిరగేసి కొడితే పొడి కాగితంలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఎదురు వెలుతురుకు పట్టుకుంటే మడతల్లోంచి కాస్తయినా వెలుగు కనబడకపోతే కొత్తది వేయాల్సిందే. నీళ్లతో కడగడం మాత్రం వద్దు. ఫిల్టరు మూసుకుపోతే కారు ఎత్తుకోదు, పెట్రోలో డీజిలో ఎక్కువ తాగుతుంది. చిరిగితే ఆ రాతిపొడి నేరుగా సిలిండర్లలోకి పోయి గరుకు కాగితం చేసే పని చేస్తుంది.

బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో సుమారు కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. లోపల ఉక్కపోత, తిరిగొచ్చేసరికి చెమటలు, కారేమో ఎండలో కాగి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కాకుండా పదింటిలోపు చేరడం మంచిది. కారులో లైటరు, స్ప్రే డబ్బా, పవర్ బ్యాంకు వదలొద్దు. ఎక్కగానే ఏసీ పెట్టకుండా నాలుగు అద్దాలూ దించి రెండు నిమిషాలు నడిపి, వేడి బయటికి పోయాక పెడితే తొందరగా చల్లబడుతుంది. రాత్రి బసకు ఇక్కడ ఆగడం కన్నా గండికోటకు పోవడమే మేలు.

గండికోటలో హరిత హోటలు కోటకు దగ్గర, కారు పెట్టుకోవడానికి చోటు ఇబ్బంది లేదు. వారాంతాల్లో, చలికాలంలో ముందే బుక్ చేసుకోవాలి. గుడారాల బస పెన్నా లోయ మీద సూర్యోదయం చూసేవాళ్లకు బాగుంటుంది. కారు దృష్టితో మాత్రం రాళ్లు తేలిన మట్టి దారులు, రాత్రి వెలుతురు లేని పార్కింగు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే పదిహేను కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో దిగి పొద్దున్నే పైకి రావడం సుఖం. కోట ద్వారం దగ్గర మలుపులు ఇరుకు, పెద్ద కార్లు బయటే ఆపి నడవడం మంచిది.

ఈ చుట్టుపక్కల టైరు మార్చాల్సి వస్తే జాకీ కింద ఏం పెడుతున్నారో చూసుకోండి. చేతికి అందే నాపరాయి పలక గట్టిగా కనిపిస్తుంది, బరువు పడగానే పెళుక్కున విరుగుతుంది. అడుగు వెడల్పు చెక్క ముక్క డిక్కీలో పడేసుకుంటే చాలు. వరస ఇది: హ్యాండ్‌బ్రేకు, గేరు, ఎదురు మూల చక్రానికి అటూ ఇటూ రాయి. నట్లు బండి నేల మీద ఉండగానే అరచుట్టు వదులు చేయాలి, ఆ తర్వాతే జాకీ. కొత్త చక్రం పెట్టాక నట్లు ఎదురెదురుగా బిగించి, దించాక ఇంకోసారి బిగించాలి. యాభై, వంద కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి. పానా మీద కాలితో ఎక్కి తొక్కితే నట్టు మర చెడి, తర్వాత విప్పలేక అవస్థ.

పంక్చరు దుకాణంలో దారం లాంటి స్ట్రిప్పు దూర్చడం పది నిమిషాల పని, ఊరు చేరడానికి సరిపోతుంది. ప్రొద్దుటూరులోనో కడపలోనో టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకుంటే అది నిలుస్తుంది. పక్కగోడకు తెగితే ఏ అతుకూ పనికిరాదు, టైరు మార్చాలి.

కంపెనీ సర్వీసు సెంటర్‌కూ వీధి మెకానిక్‌కూ పని పంచుకోవచ్చు. బెల్టు, హోసు, బల్బు, బ్యాటరీ కొనల శుభ్రం లాంటివి వీధిలో బాగా, తొందరగా అవుతాయి. సెన్సరు లైట్లు, ఏసీ గ్యాసు, బ్రేకు ఆయిల్ మార్పు సామాన్లున్న చోటే. ఏసీ చల్లబడకపోతే చూడకుండానే గ్యాసు నింపేవాడి దగ్గర ఆగొద్దు. కారుతున్న చోటు కనిపెట్టకుండా నింపిన గ్యాసు మళ్లీ పోతుంది. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయాలి. దెబ్బలు తగిలితే 108.

కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు పాలకోవా కోసం పోతే ఘాటు దాటాలి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, చోటు చూసి పక్కకు ఆపండి. రేడియేటర్ మూత అరగంట దాకా ముట్టుకోవద్దు. ఒత్తిడి మీద ఉన్న కూలెంటు మూత వదలగానే మరిగి మొహం మీదకు చిమ్ముతుంది.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకు మీదే పడుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు, పెడలు మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. దిగువకొచ్చాక చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే నీడలో ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి. డిస్కు మీద నీళ్లు పోస్తే వంకరపోతుంది, తర్వాత బ్రేకు వేసిన ప్రతిసారీ పెడలు అదురుతుంది. ఇరవై నిమిషాలు అలా వదిలేయండి, ఆలోగా కోవా ఉండనే ఉంది.